వంక నీళ్లు, ఐదు సెంట్ల లాన్

చంద్రగిరి అవతల, స్వర్ణముఖిలో కలిసే ఒక చిన్న వంక పక్కన ఇల్లు కట్టుకున్నాం. ముందు ఐదు సెంట్లు మిగిలితే పిల్లల పోరు పడలేక లాన్ వేశాను. ఇంటి బోరు వాడుకకే చాలీచాలకుండా ఉంది. కార్తీకంలో వంక గలగలా పారుతుంటే నా కన్ను దాని మీద పడింది.

ముందు లెక్క వేశాను. చదరపు మీటరు మీద మిల్లీమీటరు మందాన నీళ్లంటే ఒక లీటరు. ఐదు సెంట్లు సుమారు 200 చదరపు మీటర్లు. రోజుకు ఐదు మిల్లీమీటర్లు అనుకున్నా వెయ్యి లీటర్లే. మోటారు, పంపు ఒకే ముక్కగా ఉండే ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు తెచ్చి, కరెంటు దగ్గరని, దొంగల భయం లేదని ఇంటి గోడ పక్కనే బిగించాను.

నీళ్లు రాలేదు. మోటారులో నీళ్లు నింపి వేశాను, రాలేదు. పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ మార్చాను, ప్రతి జాయింటుకూ టెఫ్లాన్ టేపు చుట్టాను. రెండు రోజులు ఇదే పని. మూడోనాడు మెకానిక్ వచ్చి, మోటారు ముట్టుకోకుండా వంక వైపు చూసి, "ఎంత లోతు సార్?" అన్నాడు. మేస్త్రీ లెవెల్ పైపుతో కొలిస్తే నిలువునా 28 అడుగులు.

అప్పటిదాకా మోటారే నీళ్లను లాగుతుందనుకున్నా. అది చేసేది పైపులో గాలి తగ్గించడం మాత్రమే. నీళ్లను పైకి తోసేది బయటి గాలి బరువు. ఆ బరువు ఎంత మొత్తుకున్నా 33, 34 అడుగులకు మించి ఎత్తలేదు. పైపు రాపిడి, చిన్నాచితకా లీకులు పోను చేతికొచ్చేది 20, 25. అదే మోటారు కిందికి దిగితే పైకి ఎంతైనా నెట్టగలదు, దాని హెడ్, అంటే నీళ్లను నెట్టగల ఎత్తు, ఉన్నంత వరకు. కొనేటప్పుడు నేను హెచ్‌పీ చూశాను గానీ ప్లేటు మీద హెడ్ చూడలేదు. స్ప్రింక్లర్ తిరగడానికే దాదాపు 20 మీటర్ల ఒత్తిడి కావాలి, దానికి ఈ ఎత్తు కూడా తోడు. అందుకే నా మోటారుతో ఒకసారికి ఒక్క స్ప్రింక్లరే తిరిగేది.

మోటారును గట్టు మీదికి, నీటికి ఎనిమిది అడుగుల ఎత్తుకు దించాను. తడి చోటు కాబట్టి ఎర్తు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించాను. ఇందులో పిసినారితనం పనికిరాదు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగింది కళ్లారా చూసినవాణ్ణి, అందుకే మోటారును చెక్కకు బిగించి, పైపుల్ని కలిపే యూనియన్ విప్పితే పది నిమిషాల్లో ఎత్తుకొచ్చేలా పెట్టుకున్నా. ఇసుక రాకుండా ఫుట్‌వాల్వ్‌ను దోమతెర చుట్టిన ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, వంక నేలకు ఒక అడుగు పైన వేలాడదీశా. వారానికోసారి బుట్ట కడగాలి, లేకుంటే స్ప్రింక్లర్ మూసుకుపోతుంది.

నీళ్లు వచ్చిన నాలుగో రోజే వంక దిగువన కయ్య, అంటే పొలం, ఉన్న పెద్దాయన వచ్చాడు.

"ఏం నాయనా, గడ్డికి నీళ్లు పెడతా ఉండావంట. ఆవుల్ని తోలుకో రానా?"

నవ్వుతూనే అన్నాడు గానీ నాకు మొహం చెల్లలేదు. వంక పోరంబోకు, నా సొత్తు కాదు. నీళ్లు వాడుకోవచ్చా అని గ్రామ సచివాలయంలో ముందే అడగాల్సింది, అప్పుడు వెళ్లి అర్జీ ఇచ్చాను. "మామా, పారకం తగ్గితే ఆపేస్తా" అని ఆయనకు మాటిచ్చాను.

ఆ మాట నిలుపుకోవడం కష్టం కాలేదు. మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు లాన్‌కు వాననీళ్లే ఎక్కువ. సంక్రాంతికి వంక సన్నగిల్లింది, శివరాత్రికి ఇసుక తేలింది. ఎండలు ముదిరి గడ్డి నోరు తెరిచే నాటికి వంకలో చెంబెడు లేవు. ఇన్ని తిప్పలూ పడి నేను వాడుకున్నది కచ్చితంగా ఏడు వారాలు.

నాలుగు సెంట్ల గడ్డి పీకేసి మామిడి, సపోటా పెట్టాను. మిగిలిన సెంటుకు వంటింటి కడుగునీళ్లు పోతున్నాయి. మొన్న పెద్దాయన మోటారు చెడిపోతే నాది ఇచ్చాను. చెనిక్కాయలు పెరికాక ఇస్తానన్నాడు.