కింది అంకె

జ్వరం వచ్చిన రెండో రోజు పొద్దున చారుకి తాలింపు పెడుతున్నాను. ఆవాలు చిటపటలాడుతున్నాయి, కరివేపాకు మాడుతోంది, వాసన మాత్రం లేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కుకి ఆనించుకున్నా. ఖాళీ డబ్బాలాగే ఉంది. స్టవ్ కట్టేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకుని అక్కడి నుంచే మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన హాల్లోనే ఉన్నారు.

అది 2021 మే మొదటి వారం. మాది విజయవాడ. 5వ తేదీ నుంచి మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ, దేశంలో రోజుకి 4 లక్షల కరోనా కేసులు దాటిన వారం. టెస్టు చేయించుకుంటే రిజల్ట్ నాలుగో రోజుకి గానీ రాలేదు. మెసేజ్ వచ్చేదాకా మా అత్తయ్య "టైఫాయిడేమోలే అమ్మాయ్" అని ఆశపడుతూనే ఉన్నారు. ఆ రోజుల్లో టైఫాయిడ్ అంటే శుభవార్త.

ఆక్సీమీటర్ కోసం మా ఆయన నాలుగు మందుల షాపులు తిరిగి 2,800 పెట్టి తెచ్చారు. బిల్లడిగితే "కావాలా, వద్దా?" అన్నాడట. దాన్ని వేలికి పెట్టుకుంటే రెండు అంకెలు కనిపిస్తాయి, పైన ఆక్సిజన్, కింద పల్స్. పైది 94 కంటే తగ్గకూడదని అందరూ చెప్పేవాళ్లు, నాది 96, 95, మళ్లీ 96, బాగానే ఉంది. నా ప్రాణం తీసింది కింది అంకె. 112, 118. జ్వరానికి కూడా పల్స్ పెరుగుతుందని తర్వాత తెలిసింది కానీ, ఒక మధ్యాహ్నం జ్వరం లేనప్పుడు వీధి మలుపులో అంబులెన్స్ సైరన్ వినపడింది, వేలికి మీటరుంది, చూస్తుండగానే 126 అయింది. అది మా గేటు దాటి, కాలవ గట్టు మీదకెక్కి, వినపడకుండా పోయేదాకా వేలు తీయలేదు. 121, 115, 108. ఎవరింటికి వెళ్లిందో మరి. మా ఇంటికి కాదన్నంత మాత్రానికే పల్స్ పద్దెనిమిది తగ్గింది. ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రాత్రి రెండింటికి మీటరు 89 చూపించింది. ఇల్లంతా లేపేశాను. మా ఆయన 104కి ఫోన్ చేస్తున్నారు, మా వాడు గుమ్మం అవతల నిలబడి ఏడుస్తున్నాడు, అత్తయ్య దేవుడి గదిలోకి వెళ్లిపోయారు. మా చిన్నాన్న గారబ్బాయి డాక్టరు, అంత రాత్రి కూడా ఎత్తాడు. "అక్కా, గోళ్లకి రంగుందా?" అన్నాడు. ఉంది. ఎప్పుడో పెళ్లికి వేసుకున్నది, సగం ఊడిపోయి. పైగా కూలర్ ముందు కూర్చుని చేతులు చల్లబడి ఉన్నాయి. రంగు లేని బొటనవేలు బాగా రుద్దుకుని పెట్టుకోమన్నాడు. 96. ఫోన్‌లో వాడూ, తలుపవతల ఈయనా కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత వాడు చెప్పిందేమిటంటే, మీటరు బావగారికి ఇచ్చెయ్, రోజుకి మూడుసార్లు ఆయన ఇస్తేనే చూడు, ఒకసారి మాత్రం గదిలో ఆరు నిమిషాలు నడిచి చూడు, నడిచాక మూడో నాలుగో పడిపోతే, లేదా 94 కిందికి దిగితే నాకు చెయ్, మిగతా టైమంతా బోర్లా పడుకో. ఫోన్ కూడా ఇచ్చెయ్యమన్నాడు. మీటరు ఇచ్చాను గానీ ఫోన్ ఇవ్వలేదు, అక్కడే తప్పు చేశాను.

వాట్సాప్‌లో కర్పూరం, వాము, లవంగాలు మూటకట్టి పీలిస్తే ఆక్సిజన్ పెరుగుతుందని ఒకరు పెట్టారు. వాసనే తెలియని ముక్కుతో అదీ పీల్చాను. ఏపీ స్ట్రెయిన్ అని మన దగ్గర కనిపించిన వైరస్ రకం మామూలుదానికంటే 15 రెట్లు ప్రమాదమని ఇంకొకరు పెట్టారు. అది అప్పటికే కనుమరుగవుతోందని హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు చెప్పిన మాట మాత్రం నన్ను చేరడానికి వారం పట్టింది. ఇక స్టేటస్‌లు. ఎవరైనా పాత ఫోటో పెడితే, పుట్టినరోజుదే అయినా సరే, ముందు దండ ఉందేమోనని చూసేదాన్ని.

ఐదో రోజు ఉండబట్టలేక సీటీ స్కాన్‌కి వెళ్లాం. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. స్కాన్ సెంటర్ బయట ఎండలో నిలబడ్డ జనంలో ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు, చేతుల్లో ఫైళ్లే చూసుకుంటున్నారు. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు నాకు 25కి 7, తక్కువే. హమ్మయ్య అనుకుంటూ ఇంటికొస్తే, తేలికపాటి లక్షణాలకి సీటీ వద్దని, ఒక్క సీటీ 300, 400 ఎక్స్‌రేలతో సమానమని ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా గారు అంతకు ముందే చెప్పారని మా మరిది చల్లగా చెప్పాడు. ఆ రాత్రి కరోనా భయం తగ్గి క్యాన్సర్ భయం పట్టుకుంది.

ఎనిమిదో రోజుకి జ్వరం పోయింది. బకెట్ నీళ్లు ఎత్తాలంటే మాత్రం మధ్యలో మంచం మీద కూర్చోవాల్సి వచ్చేది. 21వ తేదీన నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకి ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం వేలమంది వచ్చారని టీవీలో చూపించారు. అంబులెన్సుల్లో పేషెంట్లని తెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు, ఆ తోపులాటకి అదే రోజు పంపిణీ ఆపేశారు. మా మరిది నవ్వాడు. అత్తయ్య వాణ్ణే అక్కడికి పంపాలని చూశారు. నాకు నవ్వు రాలేదు. ఆ మందు పని చేస్తుందని నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను, కానీ రాత్రి రెండింటికి 89 చూశాక ఎత్తే తమ్ముడు లేనివాళ్లు ఎక్కడికి వెళ్తారు?

మూడో వారంలో వాసన తిరిగొచ్చింది. ఇంగువ కాదు, బాత్రూంలో ఫినాయిల్. ఎంత సంతోషమేసిందో, సీసా మూత తీసి ఇంకోసారి చూశా. ఆగస్టులో దువ్వెన నిండా జుట్టు. అన్నీ ఒక్కొక్కటిగా సర్దుకున్నాయి గానీ మీటరు వదల్లేదు. చీరల కింద దాచుకుని, అందరూ పడుకున్నాక చూసుకునేదాన్ని, ఏడాది దాటినా. పైన 98, 99. కింద కూడా 76, 80. అయినా చూడందే నిద్ర పట్టేది కాదు. మా ఆయనకి తెలుసని తర్వాత తెలిసింది, ఏమీ అనలేదు.

ఆ మధ్య ఒక సంక్రాంతికి టీవీ రిమోట్‌లో సెల్స్ అయిపోతే మా వాడు ఆ మీటరులోవి తీసి వేశాడట. ఉగాదికి బీరువా సర్దేదాకా నాకా సంగతే తెలియలేదు.