వంకాయ ఆవు

ఆగస్టు 13 సాయంత్రం జపాన్‌లో ఎన్నో ఇళ్ల గుమ్మం ముందు ఎండుపుల్లలతో చిన్న మంట వేస్తారు. దాన్ని ముకాయెబి అంటారు, ఎదుర్కోలు మంట. పోయిన పెద్దలు ఆ వెలుగును ఆనవాలు పట్టి ఇల్లు చేరతారని నమ్మకం. అదే ఒబోన్ పండుగకు మొదలు. టోక్యో లాంటి కొన్నిచోట్ల జూలైలోనే చేసుకుంటారు.

లోపల పెద్దల పీఠం మీద పళ్లూ పూలతో పాటు ఒక కీరాదోసకాయ, ఒక వంకాయ ఉంటాయి. రెండింటికీ నాలుగేసి పుల్లలు గుచ్చి కాళ్లు పెడతారు. కీరా గుర్రం, వంకాయ ఆవు. వచ్చేటప్పుడు గుర్రమెక్కి పరుగున రావాలట. వెళ్లేటప్పుడు ఆవు మీద మెల్లగా, ఆగి ఆగి పోవాలట. ఈ సంగతి తెలిసిన రోజు చాలాసేపు మరే పనీ చేయలేకపోయాను. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

ఈ పండుగ వెనక ఉన్న కథ మన మౌద్గల్యాయనుడిది. జపాన్‌లో ఆయన్ని మోకురెన్ అంటారు. బుద్ధుడి శిష్యుల్లో మహిమలకు పేరుపడ్డవాడు. దివ్యదృష్టితో చూస్తే తల్లి ప్రేతలోకంలో ఆకలితో అలమటిస్తోంది. అన్నం తీసుకెళ్లి ఇచ్చాడు. ముద్ద నోటిదాకా వెళ్లేలోపే నిప్పుకణికలైపోయింది. అన్ని మహిమలున్న కొడుకు తల్లికి ఒక్క ముద్ద తినిపించలేకపోయాడు! ఏడుస్తూ గురువు దగ్గరికి వెళ్లాడు. భిక్షువులు వానాకాలం ఒకేచోట ఉండిపోయే వర్షావాసం ముగిసే ఏడో నెల పదిహేనో రోజున భిక్షుసంఘానికి భోజనం సమర్పించమన్నాడు బుద్ధుడు. ఆ పుణ్యంతో తల్లికి విముక్తి కలిగింది. ఆ ఆనందంలో ఆయన చిందులేశాడని, ఈ పండుగలో ఆడే బోన్ ఒదొరి నాట్యం అలా పుట్టిందని చెప్పుకుంటారు. తద్దినంనాడు భోక్తలకు వడ్డించిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఈ కథ కొత్తగా అనిపించదు.

16వ తేదీ వీడ్కోలు. క్యోటో చుట్టూ అయిదు కొండల మీద మంటలు వెలిగిస్తారు. మొదటిది రాత్రి 8 గంటలకు, 'దాయ్' అనే అక్షరం, అంటే 'పెద్ద'. దాని ఒక్క గీతే 160 మీటర్లు. ఆ మంటలో వేసే కట్టెల మీద కొందరు పోయినవాళ్ల పేర్లు రాసి ఇస్తారు. కింద ఊరంతా చేతులు జోడించి నిలబడుతుంది. కాసేపటికే అక్షరం గీత వెంట గీతగా మసకబారుతుంది.

ఈ ఏడాది అమ్మ తిథి నాడు పటం ముందు ఒక వంకాయకి నాలుగు పుల్లలు గుచ్చి పెట్టాను.