సంతకం పెట్టిస్తే కన్సెంట్ అయిపోద్దా?

ఫిబ్రవరి మార్చి వచ్చిందంటే చాలు మా సైకాలజీ వాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నీ గూగుల్ ఫామ్‌లతో నిండిపోతాయి. "అక్కా ప్లీజ్, రెండు నిమిషాలే, మీ కజిన్స్‌కి కూడా కొంచెం ఫార్వర్డ్ చేయవా" అని ఒకటే గోల. పాపం వాళ్ళని అనుకుని ఏం లాభం, ప్రాజెక్ట్ సబ్మిషన్ దగ్గర పడుతుంటది, గైడ్ గారేమో 200 మంది శాంపిల్ లేకపోతే సంతకం పెట్టనంటారు. మొదటి పేజీలో ఓ పెద్ద పేరా, కింద ఒప్పుకుంటున్నాను అనే బటన్, అది నొక్కితేనే ముందుకెళ్తది. ఆ పేరా చదివినోళ్ళని నేనైతే ఇంతవరకు చూడలేదు.

మాకు క్లాసులో రీసెర్చ్ మెథడ్స్ ఒక యూనిట్, ఎథిక్స్, అంటే మనుషుల మీద రీసెర్చ్ చేసేటప్పుడు పాటించాల్సిన నీతి నియమాలు, ఇంకో యూనిట్. న్యూరెంబర్గ్ కోడ్ 1947, హెల్సింకీ డిక్లరేషన్ 1964, బెల్మాంట్ రిపోర్ట్ 1979 అని బట్టీ కొట్టి, పది మార్కుల ప్రశ్నకి రాసేసి, బయటికొచ్చి మర్చిపోవడమే. ఎథిక్స్ అంటే పర్మిషన్ లెటర్లు, కమిటీ స్టాంపు, ఆలస్యం, అంతే. నేను గుంటూరులో ఉంటూ ఇంటర్ పిల్లల స్ట్రెస్ మీద పీహెచ్‌డీ చేస్తున్నా కాబట్టి ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను, ఈ రెండు యూనిట్లూ విడదీయడంలోనే తేడా కొడుతోంది, ఎందుకంటే కన్సెంట్ (అంటే విషయం తెలుసుకుని ఇష్టంతో ఒప్పుకోవడం) దగ్గర గడ్డి తింటే వచ్చే డేటా కూడా గడ్డే.

ఎలాగో చెప్తా. ఆమధ్య విజయవాడలో, కానూరు పోరంకి వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీకి మా జూనియర్ డేటా కలెక్షన్‌కి వెళ్తుంటే తోడుగా వెళ్ళా. ప్రిన్సిపాల్ గారు చాలా మర్యాదస్తులు, కాఫీ ఇప్పించారు, "ఎంతమంది కావాలమ్మా, 300 చాలా? స్టడీ అవర్‌లో కూర్చోపెట్టేస్తా" అన్నారు. ఏ రీసెర్చర్‌కైనా ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. తీరా వెళ్తే మా అమ్మాయి నోరు తెరిచేలోపే ఫ్లోర్ ఇంచార్జి గారు అందుకుని "మేడమ్ వాళ్ళు యూనివర్సిటీ నుంచి వచ్చారు, అందరూ సంతకం పెట్టి నింపండి, ఒక్కళ్ళు కూడా ఖాళీగా ఇవ్వకూడదు" అన్నాడు. అని ఊరుకోకుండా బెంచీల మధ్య తిరుగుతూ ఎవరేం టిక్కు పెడుతున్నారో వంగి వంగి చూస్తున్నాడు. మూడో వరసలో ఒక పాప నన్ను చిన్నగా పిలిచి "మేడమ్, ఇది మా సార్ వాళ్ళు చూస్తారా" అంది. మేమెవ్వరికీ చూపించం అన్నా. తలూపింది గానీ, తర్వాత ఆ పేపర్లు తిప్పుతుంటే ఒకటే వరస, పైనుంచి కింద దాకా అన్నిటికీ "అస్సలు లేదు". నిద్ర పడుతోంది, ఆకలేస్తోంది, దిగులు లేదు, చదువు మీద ధ్యాస బ్రహ్మాండం. పొద్దున అయిదింటికి లేచి రాత్రి పది దాకా చదివే పిల్లల సంగతండీ ఇది! ఆ డేటాని ఎస్పీఎస్ఎస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వేస్తే విజయవాడ హాస్టల్ పిల్లలంత హ్యాపీగా లోకంలో ఇంకెవరూ లేరని తేలుతుంది.

దీనికి పేర్లు చాలా ఉన్నాయి లెండి, సోషల్ డిజైరబిలిటీ (ఎదుటివాళ్ళకి మంచిగా కనపడేలా జవాబులివ్వడం) అనీ ఇంకోటనీ. నాకు మాత్రం అక్కడ నిలబడి ఉంటే మిల్‌గ్రామ్ గుర్తొచ్చాడు.

సైకాలజీ చదవనివాళ్ళ కోసం క్లుప్తంగా: స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో యేల్ యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రయోగం అది, పేపర్ 1963లో వచ్చింది. పక్క గదిలో కూర్చున్నాయన తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంట్ షాక్ పెంచుకుంటూ పోవాలి, నిజానికి షాకుల్లేవు, ఆ పక్క గదాయన నటిస్తున్నాడు, కానీ స్విచ్ నొక్కేవాళ్ళకి ఆ సంగతి తెలీదు. ఆగిపోతానంటే ప్రయోగం నడిపే ఒకాయన మొహంలో ఏ భావమూ లేకుండా "దయచేసి కొనసాగించండి" అంటాడు. 40 మందిలో 26 మంది చిట్టచివరి 450 వోల్టుల దాకా వెళ్ళారు. (ఆ ప్రయోగం నడిపే ఆయన తొడుక్కున్నది తెల్ల కోటు అని మన నోట్సుల్లో రాయించేస్తారు, పేపర్లో ఉన్నది గ్రే కోటు.) చెమటలు కారుతూ, వణుకుతూ, పిచ్చి నవ్వులు నవ్వుతూ నొక్కారు మనుషులు. మరుసటి ఏడాదే డయానా బౌమ్‌రిండ్ అనే సైకాలజిస్ట్ దీన్ని ఏకిపారేసింది, నమ్మి వచ్చినవాళ్ళని ఇంత క్షోభ పెట్టి, మోసం చేసి ఏం నేర్చుకున్నట్టు అని. ఇప్పుడు ఏ ఎథిక్స్ కమిటీ ముందుకైనా ఆ ప్రపోజల్ అలాగే తీసుకెళ్తే గుమ్మం దాటనివ్వరు.

అందరూ ఆ 26 దగ్గరే ఆగిపోతారు గానీ, మిల్‌గ్రామ్ దాన్నే రకరకాలుగా మార్చి కూడా చేశాడు. ఒకదాంట్లో ఆ కోటాయన గదిలోంచి బయటికెళ్ళిపోయి ఫోన్లో చెప్తాడు. అంతే, చివరిదాకా వెళ్ళినవాళ్ళు దాదాపు ఐదో వంతుకి పడిపోయారు. కొంతమందైతే షాక్ పెంచుతున్నానని ఫోన్లో చెప్తూ చిన్న షాకులే ఇచ్చారు! పెద్దాయన గదిలో ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి మనిషి ఇంత మారిపోతాడని మనమే పాఠం చెప్పి, మనమే ఫ్లోర్ ఇంచార్జిని పక్కన పెట్టుకుని కన్సెంట్ తీసుకుంటే ఎలా? ఆ పిల్ల పెట్టిన సంతకం మన స్టడీకి కాదు, ఆయన గొంతుకి.

ఇదేదో అమెరికా గొడవ అనుకోవద్దు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్ట్ ఒకటి జరిగింది, చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. మధ్యలో కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు, ఆ చావులకి టీకా కారణం కాకపోవచ్చనే ఎంక్వైరీ కమిటీ చెప్పింది, అది వేరే విషయం. కన్సెంట్ సంగతి చూడండి, 2013 పార్లమెంటరీ కమిటీ రిపోర్ట్‌లో ఉంది: ఆంధ్రాకి సంబంధించి చూసిన 9,543 ఫామ్‌లలో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. అమ్మానాన్నల చోట వార్డెన్. మందుల ట్రయల్స్ వేరు, మేం పేపర్ మీద ప్రశ్నలే కదా అడుగుతున్నాం అంటారు మావాళ్ళు. నాకు ఆ సంతకం పెట్టే చెయ్యి రెండు చోట్లా ఒకటే అనిపిస్తది.

2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) గైడ్‌లైన్స్ ప్రకారం 18 లోపు పిల్లలైతే మామూలుగా తల్లిదండ్రుల కన్సెంట్ ఉండాలి, 12 దాటినవాళ్ళయితే పిల్లలు కూడా విడిగా రాసివ్వాలి. మన హాస్టల్ పిల్లల అమ్మానాన్నలేమో నరసరావుపేటలోనో వినుకొండలోనో ఉంటారు. అందుకని నేను పేరెంట్స్ వచ్చే ఆదివారాలు గేటు దగ్గర కాపు కాసేదాన్ని, చేతిలో క్యారియర్లు, పచ్చడి సీసాలు పట్టుకుని వాళ్ళు, ఫైల్ పట్టుకుని నేను. ఒక నాన్నగారు మొత్తం ఓపిగ్గా విని "మీరు ఏం అడిగినా పర్లేదమ్మా, నాలుగు తగిలించినా పర్లేదు, ర్యాంకు వస్తే చాలు" అని సంతకం పెట్టబోయారు. పక్కన వాళ్ళబ్బాయి నేల చూపులు. బాబూ నీకిష్టమేనా అంటే ఆలోచించి చెప్తా మేడమ్ అన్నాడు. ఆ మాట అన్నాక వాళ్ళ నాన్న వాణ్ణి చూసిన చూపు చూడాలి!

అసలు తలనొప్పి తొమ్మిదో ప్రశ్న. డిప్రెషన్‌కి మేం ఎక్కువగా వాడే పీహెచ్‌క్యూ-9లో ఉండేవి తొమ్మిదే ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎలా ఉందో సున్నా (అస్సలు లేదు) నుంచి మూడు దాకా వేసుకోవాలి, మొత్తం 27. చివరిది చచ్చిపోతే బాగుండు అనో, నన్ను నేను గాయపర్చుకోవాలి అనో ఆలోచనలు వచ్చాయా అని అడుగుతుంది. ఒక పిల్లాడు అక్కడ మూడు వేశాడనుకోండి, పేపర్ మీద పేరు లేదు, రాత్రి ఇంటికొచ్చి డేటా ఎంట్రీ చేస్తుంటే కనపడింది, ఏం చేస్తారు? 300 మందిలో ఎవరని వెతుకుతారు? పేర్లు రాయించకపోవడం గొప్ప ఎథిక్స్ అనుకుంటాం, ఇక్కడ అదే కాళ్ళకి అడ్డం పడతది. పేరు రాయిస్తే ఎవరూ నిజం రాయరు. ఆ ప్రశ్న తీసేసిన పీహెచ్‌క్యూ-8 కూడా ఉంది, చాలామంది అదే వాడి చేతులు దులిపేసుకుంటారు. మన కాలేజీల నుంచి ఏడాదేడాదీ ఎలాంటి వార్తలు వస్తున్నాయో చూస్తూ ఆ ప్రశ్న ఒక్కటి అడగకుండా రావడం నాకు మాత్రం మనసొప్పలేదు.

చివరికి పేపర్ల మీద నంబర్లు వేశా, ఏ నంబర్ ఎవరిదో లిస్టు నా దగ్గరే, తాళం లోపల. ముందే చెప్పేస్తా: తొమ్మిదో దానికి సున్నా కాకుండా ఏది వేసినా నేనొచ్చి మీతో ఒక్కసారి మాట్లాడతా, ముందు మీతోనే, మీకు తెలియకుండా ఎవరికీ చెప్పను, ప్రాణానికే ప్రమాదం అనిపిస్తే మాత్రం దాచను. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబర్ ఉన్న చీటీ అందరికీ ఇస్తా. దీనివల్ల కొందరు భయపడి సున్నా వేస్తారు, నాకు తెలుసు, నా లెక్క అసలు కంటే తక్కువ వస్తది, థీసిస్‌లో అలాగే రాస్తా. ఖాళీ పేపర్ మడిచి డబ్బాలో వేసినా కాలేజీలో ఎవరికీ తెలీదు, స్టాఫ్ గది బయటే ఉండాలి, ఇవి రెండూ నా కండిషన్లు. అలా చేస్తే ఖాళీ పేపర్లు వస్తాయి మరి, మా గైడ్ గారు వాటిని చూసి "శాంపిల్ పడిపోతోంది కదమ్మా" అని దిగులుపడుతున్నారు, మిగిలిన పేపర్లలో మాత్రం ఆ పైనుంచి కిందకి సున్నాల వరస చాలా తగ్గింది.

కాబట్టి ఇంకో రెండు కాలేజీలు కావాలి. తెనాలి వైపు ఒక ప్రిన్సిపాల్ గారిని అడిగితే "స్టాఫ్ లేకుండా క్లాసా? పిల్లలు గోల చేస్తారమ్మా" అన్నారు. చేస్తే చేయనివ్వండి సార్ అన్నా. ఆలోచించి చెప్తానన్నారు, ఇంకా ఫోన్ రాలేదు.