ఆటోనగర్‌లో మెగ్నీషియం

మొన్న విజయవాడ ఆటోనగర్‌లో మా బావ లేత్ షాపుకి వెళ్లాను. చెట్లు కోసే మెషిన్ తాలూకు ఇంజిన్ కేసింగ్ ఒకటి పనికి వచ్చింది. చేతిలోకి తీసుకుంటే ఇది లోహమేనా అనిపించేంత తేలిక! "మెగ్నీషియం రా అది" అన్నాడు బావ.

లీటరు పరిమాణం అల్యూమినియం 2.7 కిలోలు తూగితే ఇది 1.74 కిలోలే. హెలికాప్టర్ గేర్‌బాక్సుల కేసింగులు మెగ్నీషియం మిశ్రమాలతో చేసేది అందుకే. అమెరికా బి-36 బాంబర్‌కైతే పైరేకుల్లోనూ చాలా చోట్ల ఇదే వేశారు.

దీనితో పని మాత్రం టెన్షనే. ముద్దగా ఉన్నప్పుడు అంత తేలిగ్గా అంటుకోదు, లేత్ మీద లేచే సన్నటి పొట్టుతోనే భయమంతా. నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా రేగుతుంది. బావ టూల్ కొత్తగా సానబెట్టి, పొడి ఇసుక బకెట్ కాళ్ల దగ్గర పెట్టుకుని, పొట్టు ఎప్పటికప్పుడు ఊడుస్తూ పని కానిచ్చాడు. ఫోన్ మోగినా ఎత్తలేదు, అది మా బావ విషయంలో వింతే!

తేలిక లోహాల మాట వచ్చిందని బావకి ఇంకోటి చెప్పాను: అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోప్ అద్దం 18 ముక్కలు మాత్రం బెరీలియం అనే ఇంకో లోహంతో చేసినవి. అదీ తేలికే, పైగా గడ్డకట్టే చలిలోనూ ఆకారం చెడదు. దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయని కూడా చెప్పాను. "అయితే ఆ ఆర్డర్ మనకొద్దులే" అన్నాడు.