నీళ్ళ కుండ, లిటిల్ రాక్ బస్టాపు

మన స్కూలు పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. మాస్టార్ల దెబ్బల గురించి, ఆగస్టు 15 బిళ్ళల గురించి, స్కూలు వెనక చింతచెట్టు గురించి మీరందరూ ఎలాగూ రాస్తారు. నేను అమెరికాలో అర్కాన్సా రాష్ట్రంలో చూసిన ఇంకో స్కూలు గురించి రాస్తా, తిట్టుకోకండి, చివరికి మన స్కూలు దగ్గరికే వస్తా.

మేం ఉండేది బెంటన్‌విల్‌లో. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉన్న ఊరు, అందుకని మన తెలుగువాళ్ళు బాగానే ఉంటారు. అక్కణ్ణించి రాష్ట్ర రాజధాని లిటిల్ రాక్‌కి కార్లో మూడు మూడున్నర గంటలు. పోయినేడు మా అమ్మాయికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారని సెలవుల్లో తీసుకెళ్ళా. నిజం చెప్పొద్దూ, మ్యూజియం అంటేనే నాకు నిద్రొస్తుంది, దార్లో మంచి బిర్యానీ దొరుకుతుందేమోనన్న ఆశతోనే బయల్దేరా, అదీ దొరకలేదనుకోండి.

సెంట్రల్ హైస్కూలు చూస్తే అది స్కూలంటే నమ్మబుద్ధి కాదు, కోటలా ఉంటుంది, ఇప్పటికీ పిల్లలు చదువుకుంటూనే ఉన్నారు అందులో. 1927లో 15 లక్షల డాలర్లు పెట్టి కట్టారు, తెల్లపిల్లలకి మాత్రమే. రెండేళ్ళకి నల్లపిల్లల కోసం డన్‌బార్ స్కూలు కట్టారు, దానికి 4 లక్షలు. పుస్తకాలు కూడా తెల్లపిల్లలు వాడి వదిలేసినవే అక్కడికి వచ్చేవి. మనమూ సీనియర్ల దగ్గర సగం రేటుకి కొనుక్కున్నాం కదా అనుకున్నా ముందు, కానీ అది వేరు, మన దగ్గర ఎవరి డబ్బుల్ని బట్టి వాళ్ళు కొనుక్కున్నాం, అక్కడ స్కూలుకి స్కూలే ఎంగిలి పుస్తకాలతో నడవాలి. 1954లో సుప్రీంకోర్టు ఇలా విడదీసి చదివించడం చెల్లదని తీర్పిచ్చింది. ఇచ్చినా మూడేళ్ళు నాన్చి నాన్చి 1957 సెప్టెంబర్లో తొమ్మిది మంది నల్లపిల్లల్ని ఈ స్కూల్లో చేర్చుకోడానికి ఒప్పుకున్నారు.

అందులో ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ అనే పిల్లకి 15 ఏళ్ళు. మొదటిరోజుకని తెల్ల గౌను తనే కుట్టుకుంది, కింద అంచుకి గళ్ళ గుడ్డ వేసి. అందరూ కలిసి వెళ్దామని పెద్దవాళ్ళు ముందురోజు రాత్రి ఫోన్లు చేసి చెప్పుకున్నారు, వీళ్ళింట్లో ఫోన్ లేదు. ఒక్క ఫోన్ లేకపోబట్టి సెప్టెంబర్ 4న ఆ పిల్ల సిటీబస్సెక్కి ఒంటరిగా దిగింది. తుపాకులు పట్టుకుని నేషనల్ గార్డు, అంటే రాష్ట్ర సైనిక దళం వాళ్ళు వరసగా నిలబడి ఉంటే తన కోసమే కాపలా పెట్టారనుకుందట! వాళ్ళని పెట్టింది గవర్నర్ ఫాబస్, నల్లపిల్లల్ని లోపలికి రానివ్వకుండా ఆపడానికి. తెల్లపిల్లలకి దారి వదులుతున్నారు, ఈ పిల్ల రాగానే తుపాకులు అడ్డం పెడుతున్నారు. వెనకేమో జనం అరుస్తున్నారు, చెట్టుకి వేలాడదీయండి అని కూడా. గుంపులో ఒక ముసలావిడ ముఖం మెత్తగా కనిపిస్తే సాయం చేస్తుందేమోనని అటు చూసిందట, ఆవిడ ఉమ్మేసింది.

ఇక చేసేదేం లేక బస్టాపు బెంచీ మీద కూర్చుంది. ఒక విలేకరి పక్కన కూర్చుని నువ్వు ఏడుస్తున్నట్టు వాళ్ళకి కనపడనీయకు అన్నాడు. గ్రేస్ లోర్చ్ అని ఒక తెల్లావిడ బస్సు వచ్చేదాకా ఉండి తనతో పాటే ఎక్కింది. ఆ బెంచీ లాంటిదే 2018లో మళ్ళీ అక్కడ పెట్టారు. మా అమ్మాయి దాని మీద కూర్చుని ఫోటో తియ్యమంది, తీయడానికి నాకెందుకో చెయ్యి రాలేదు, వాళ్ళమ్మే తీసింది.

తర్వాతది చాలామందికి తెలిసిందే, అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ సైన్యాన్ని దింపితే సెప్టెంబర్ 25న తొమ్మిది మందీ ముందు గుమ్మంలోంచి లోపలికెళ్ళారు. పాఠాల్లో ఇక్కడ చప్పట్లు కొట్టించి ముగించేస్తారు. అసలు కష్టం ఆ తర్వాతే. సైనికుడు వరండా దాకా వస్తాడు, క్లాసులోకి రాడు, బాత్రూములోకి రాడు, ఏం జరగాలన్నా అక్కడే జరిగేది. మినీజీన్ బ్రౌన్ అనే పిల్ల బాగా పాడుతుంది, పాటల బృందంలో చేరనివ్వలేదు. డిసెంబర్లో క్యాంటీన్లో ట్రే పట్టుకుని వెళ్తుంటే మగపిల్లలు కుర్చీలు అడ్డం తోశారు, ట్రేలో ఉన్న చిల్లీ, అంటే బీన్సూ మాంసం వేసి చేసే కూర, వాళ్ళ నెత్తిన పడింది. క్యాంటీన్లో పనిచేసే నల్లవాళ్ళు చప్పట్లు కొట్టారట. సస్పెండ్ అయింది మాత్రం ఆ పిల్లే, ఫిబ్రవరిలో ఇంకో గొడవ పెట్టి మొత్తానికే తీసేశారు, ఒకటి పోయింది ఇంకా ఎనిమిది అని కార్డులు అచ్చేసి పంచుకున్నారు పిల్లలు.

1958 మేలో ఆ తొమ్మిది మందిలో ఒకడైన ఎర్నెస్ట్ గ్రీన్ హైస్కూలు పట్టా పుచ్చుకున్నాడు, 602 మందిలో ఒకే ఒక్క నల్లవాడు, పేరు పిలిచినప్పుడు ఆ స్టేడియంలో చప్పుడు లేదు. జనంలో మార్టిన్ లూథర్ కింగ్ కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాతి ఏడాది ఇంకా విడ్డూరం, కలిపి చదివించాల్సి వస్తుందని ఊళ్ళో హైస్కూళ్ళన్నీ మూసేశారు, ఓటింగ్ పెడితే జనం కూడా మూసేయమనే వేశారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటారే, అదన్నమాట. టీచర్లు ఖాళీ క్లాసుల్లో కూర్చున్నారు, ఫుట్‌బాల్ మ్యాచ్‌లు మాత్రం ఆపలేదు.

అన్నీ చూపించాక మా అమ్మాయి అక్కడి గైడునడిగింది, మిగతా పిల్లలు ఏం చేసేవాళ్ళు అని. స్కూల్లో దాదాపు 1,900 మంది తెల్లపిల్లలు. ఏడిపించింది కొద్దిమందే, స్నేహంగా ఉన్నవాళ్ళు అంతకంటే తక్కువ, వాళ్ళనీ మిగతావాళ్ళు బెదిరించారు, చాలామంది ఏమీ చేయలేదు అందావిడ. నాకు అక్కడే మన నీళ్ళ కుండ గుర్తొచ్చింది.

88 బ్యాచ్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, స్టాఫ్ రూము పక్కన వరండాలో ఇసక మీద పెట్టిన కుండ, దాని మూత మీద స్టీలు గ్లాసు. తొమ్మిదిలో నేను క్లాసు లీడర్ని. ఊళ్ళో పిల్లలు గ్లాసు ముంచుకుని తాగేవాళ్ళు. దళితుల పల్లె నుంచి వచ్చే పిల్లలు పక్కన నిలబడి దోసిలి పడితే లీడరు పైనుంచి పోయాలి. ఎవరు చెప్పారో నాకు తెలీదు, ఏ మాస్టారూ నాతో అనలేదు, నా ముందు లీడరు అలాగే పోశాడు, నేనూ పోశా. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కుళాయిల మీద బోర్డులుండేవి, ఇది తెల్లవాళ్ళకి, ఇది కలర్డ్ వాళ్ళకి, అంటే నల్లవాళ్ళకి అని. మనకి బోర్డు అక్కర్లేకపోయింది. అదే ఏడాది సోషల్ క్లాసులో 1893లో గాంధీగారిని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో రైల్లోంచి దింపేసిన సంగతి చెప్తే మా రక్తం ఉడికిపోయింది, ఆ తెల్లవాణ్ణి ఏం చేయాలో తలా ఒక శిక్ష చెప్పాం, బెల్లు కొట్టారు, వెళ్ళి కుండ దగ్గర నిలబడ్డా.

లిటిల్ రాక్ నుంచి వచ్చిన వారానికి మన బ్యాచ్ వాడొకడికి ఫోన్ చేశా. పేరు వద్దన్నాడు కాబట్టి రాయను. చివరి బెంచీ, లెక్కల్లో ఫస్టు, ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు. కుండ సంగతి గుర్తుందారా అన్నా, క్షమాపణ లాంటిదేదో చెబుదామని ముందే అనుకుని పెట్టుకున్నా. వాడు నవ్వాడు. "గుర్తులేకేం రా. నీ ముందు లీడరు నిదానంగా పోసేవాడు. నువ్వు బాగా ఎత్తు నుంచి పోసేవాడివి, మోచేతుల దాకా కారి నిక్కరు తడిచిపోయేది, మళ్ళీ క్లాసులో కూర్చోవాలంటే సిగ్గేసేది. అందుకే నువ్వున్నప్పుడు నేను తాగేవాణ్ణి కాదు, ఇంటికెళ్ళే తాగేవాణ్ణి."

నాకు ఇది తెలీదు. పోసినవాణ్ణి నేనే, తాగడం మానేసినవాణ్ణి గమనించలేదు. అనుకున్న క్షమాపణ కాస్తా నోట్లోనే ఉండిపోయింది. మాట మార్చడానికి జనవరిలో గెట్ టుగెదర్‌కి వస్తున్నావుగా అన్నా. చూద్దాంలే అన్నాడు, "కమిటీలో అందరూ ఊళ్ళోవాళ్ళేగా."

ఫోన్ పెట్టేసి వాట్సాప్‌లో వచ్చిన ఇన్విటేషన్ తీసి చూశా. పదకొండు పేర్లు. ఒక్కోటీ వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళా, వాడు చెప్పింది నిజమే. ఏడో పేరు నాది.