కాంటిలీవర్ మీద థయోల్ అధిశోషణాన్ని కొలిచిన నా అనుభవం

పరిశోధన విద్యార్థిగా నాకు అప్పగించిన మొదటి పని, ఒక ముఖానికి మాత్రమే బంగారు పూత ఉన్న సిలికాన్ కాంటిలీవర్ (ఒక కొసన మాత్రమే బిగించిన సన్నని పలక) మీదికి డోడెకేన్‌థయోల్ ఆవిరిని పంపి, పలక ఎంత వంగుతుందో లేజర్ కిరణంతో కొలవడం. థయోల్ అంటే గంధకం ఉన్న ఒక రకం కర్బన సమ్మేళనం; దాని అణువులు ఉపరితలం మీద చేరి అంటుకోవడమే అధిశోషణం. ఆ పలక పొడవు 500 మైక్రోమీటర్లు, వెడల్పు 100, మందం 1. ఒక కొస చిప్‌లో బిగిసి ఉంటుంది, రెండో కొస స్వేచ్ఛగా ఉంటుంది.

అణువులు చేరితే బరువు పెరిగి పలక వంగుతుందనుకున్నాను. లెక్క వేశాక ఆ ఊహ నిలవలేదు. బంగారం మీద నిండుగా చేరిన ఒక్క అణుపొర ద్రవ్యరాశి సుమారు 77 పికోగ్రాములు. ఆ బరువుకు కొస దిగేది నానోమీటరులో నూరో వంతు కూడా ఉండదు. పలకను నిజంగా వంచేది ఉపరితల ప్రతిబలం, అంటే ఉపరితలం వెంబడి ప్రతి మీటరు పొడవుకు పనిచేసే బలం. థయోల్‌లోని గంధకం బంగారంతో బంధం ఏర్పరచుకున్నప్పుడు ఆ ముఖం విస్తరించజూస్తుంది. వెనుక ముఖంలో ఆ మార్పు లేనందువల్ల పలక బంగారానికి ఎదురు దిశకు వంగుతుంది. పూత ప్రతిబలానికీ పలక వంపుకీ ఉన్న సంబంధాన్ని చెబుతూ, లోహపు పూతల కోసం 1909లో స్టోనీ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రాన్నే ఇక్కడా వాడతారు. దాని ప్రకారం మీటరుకు 0.1 న్యూటన్ ప్రతిబలం చాలు, నా పలక కొస 300 నానోమీటర్లకు పైగా కదలడానికి.

చిక్కంతా ఉష్ణోగ్రతతో వచ్చింది. వేడికి బంగారం సిలికాన్ కంటే సుమారు 5 రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది కనుక, గది కొద్దిగా వేడెక్కినా పలక సరిగ్గా థయోల్ వంచే దిశలోనే వంగుతుంది. ఒక సాయంత్రం అధిశోషణమని సంబరంగా నోటుబుక్కులో అతికించుకున్న గ్రాఫు, మరునాడు ఉత్త నైట్రోజన్ పంపినప్పుడూ అలాగే వచ్చింది. ఆ పుట మొత్తం కొట్టివేయవలసి వచ్చింది.

అందుకే అదే చిప్ మీది మరొక కాంటిలీవర్‌కు ముందుగానే థయోల్ పొర పట్టించి, రెండింటి వంపుల తేడాను కొలవడం మొదలుపెట్టాను. వేడికి రెండూ ఒకేలా స్పందిస్తాయి. కొత్త అణువులకు చోటున్నది మొదటి దాని మీదే. అయినా ఫలితాలు చిప్‌కొక తీరుగా వచ్చాయి. పూత వేసి రోజుల తరబడి ఉంచిన బంగారం మీద గాలిలోని కర్బన పదార్థాలు ముందే చేరి ఉంటాయని తెలిశాక, పూత వేసిన రోజే కొలవడం నియమంగా పెట్టుకున్నాను. ఆ తరువాతే వరుసగా కొలిచిన చిప్‌లు ఒకదానితో ఒకటి పొసగాయి. ఇప్పటికీ గంటసేపు నైట్రోజన్ పంపి, రెండు గీతలూ జంటగా సాగుతున్నాయని చూసుకున్నాకే థయోల్ సీసా మూత తీస్తాను.