కిరాయిదారుల పేజీ

ఆదివారం నల్లా వచ్చే రోజు. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డు బస్తీలో, ఇళ్లు పోయే కుటుంబాల పేర్లతో సర్కారుకు దరఖాస్తు రాసేందుకు మీటింగు పదింటికి అన్నారు గానీ, బిందెలు నిండేదాకా ఎవరొస్తారు? ఈలోగా నేను గల్లీలో తిరిగి కాగితాలు చూశాను: కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఇంటిపన్ను రసీదు. మూసీ ప్రాజెక్టుకు ఇళ్లు తీసేయాలని 2024 సెప్టెంబర్‌లో సర్వేవాళ్లు గోడలమీద ఎర్రరంగుతో రాసిన 'ఆర్‌బీ-ఎక్స్' (నదిలో ఉన్న ఇల్లని గుర్తు) అట్లనే ఉంది. ఒకామె దానికి అడ్డంగా మంచం నిలబెట్టుకుంది.

గొడవంతా లెక్క దగ్గరే. సర్వేకి కనిపించేది తలుపు. ఆ తలుపు వెనక తల్లి, పెళ్లైన ఇద్దరు కొడుకులు, పైన రేకుల గదిలో కిరాయికి ఇంకో కుటుంబం. తలుపుకు బదులు 560 చదరపు అడుగుల సర్కారు డబుల్ బెడ్‌రూం ఇల్లు ఒకటిస్తే ఎవరి పొయ్యి ఎక్కడ? కిరాయిదారుల ఊసైతే సర్కారే కాదు, మన కమిటీ కూడా ఎత్తదు. అందులో ఉన్నది ఇంటి ఓనర్లే మరి.

"అక్కా, మా పిల్లలు గీడనే పుట్టిండ్రు. మా పేరు రాస్తే మీదేం పోతది?" అని పైగది ఆమె అడిగేసింది.

కమిటీ పెద్దాయన "మాకే దిక్కులేదు" అని గొణిగాడు. దరఖాస్తులో కిరాయిదారులకని వేరే పేజీ తీసి ఆమె పేరే ముందు రాశాను. తర్వాత ఇంకా చాలామంది వచ్చారు.

ఒక పిల్లగాడు సుప్రీంకోర్టు తీర్పు వాట్సాప్‌లో చూపించి సంబరపడ్డాడు. 2024 నవంబర్ 13 నాటిది, కూల్చాలంటే 15 రోజుల నోటీసు తప్పదన్నది. నిజమే. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలుపట్టాల పక్కన, నదీ చెరువుల దగ్గర ఉన్న అక్రమ కట్టడాలకు అది వర్తించదని కూడా అందులోనే ఉంది. చదివి వినిపిస్తే అందరి మొహాలూ వాడిపోయాయి. ఉత్త ధైర్యం చెప్పడం నావల్ల కాదు.

1985లో బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ల గురించి వచ్చిన ఓల్గా టెల్లిస్ కేసులో బతుకుదెరువు కూడా జీవించే హక్కులో భాగమేనంది అదే కోర్టు. వాళ్లను ఖాళీ చేయించడాన్ని మాత్రం ఆపలేదు. అయినా దరఖాస్తులో ఆ మాటే పట్టుకున్నాం. ఇక్కడి ఆడవాళ్లు చాలామంది మలక్‌పేట, సైదాబాద్ ఇళ్లల్లో పనిచేస్తారు. మలక్‌పేట దగ్గరి పిల్లిగుడిసెల సర్కారు ఫ్లాట్లకు పోయినవాళ్లకు పని దగ్గరే; ఊరవతల ఇస్తే బస్సుల్లోనే పొద్దు గడుస్తుంది. ఎవరు ఏ ఇంట్లో ఎన్నింటికి పనికెళ్తారో వరసగా రాశాం.

రేపు ఈ దరఖాస్తు సర్కారు ఆఫీసు ఇన్‌వార్డులో (కాగితాలు తీసుకునే చోట) ఇవ్వాలి. మన కాపీ మీద ముద్ర పడకుండా వెనక్కి రావద్దని పెద్దాయన హుకుం. పైగది ఆమె కూడా వస్తానంది, పని ఇంట్లో సెలవు చెప్పి.